సర్వరు పలుకనప్పుడు

మన భాషా అల్పసంఖ్యాకుల పాఠశాలలలో నేడు మార్కుల పట్టికలు, హాజరు లెక్కలు, శ్రమించి టైపు చేయించిన తెలుగు పాఠములు పెక్కుచోట్ల ఒక్క సర్వరులోనే యుండును. అది తక్కిన కంప్యూటర్లతో మాటాడుట మానిననాడు, పిలువబడిన మరమ్మతుదారు సాధారణముగా రెండు మాటలలో నొకటి చెప్పును: క్రొత్త నెట్‌వర్కు కార్డు కొనుడు, లేదా యంత్రమంతయు తుడిచి మొదటినుండి ఎక్కింతము. మొదటిదానివలన పోవునది మీ చందా సొమ్ము. రెండవదానివలన పోగలవి పిల్లల పాఠములు. ఒప్పుకొనుటకు ముందు అడుగదగిన ప్రశ్నలను తలిదండ్రుల యెదుట నుంచుచున్నాము.

డ్రైవరనగా ఇచ్చట బండి నడుపువాడు కాడు. చెన్నపట్టణమున కుంపిణీ దొరలకును వర్తకులకును నడుమ నిలిచిన దుబాసీవంటి ప్రోగ్రాము. కార్డు మాట ఆపరేటింగు సిస్టమునకు తెలియదు. సిస్టము మాట కార్డునకు తెలియదు. దుబాసీ రానిచో ఇరువురును ఊరకుండవలసినదే.

తీగను, స్విచ్చి దీపమును ముందుగా చూడవలెను. పిమ్మట, లినక్సు సర్వరైనచో, యంత్రము ముందే కూర్చుండి ఎల్ఎస్‌పీసీఐ అను ఆజ్ఞ నీయవలెను. (దూరమునుండి నెట్‌వర్కు ద్వారా వచ్చి డ్రైవరును తొలగించువాడు కూర్చున్న కొమ్మను నరికికొనును.) ఆ పట్టికలో కార్డు కానరానిచో దోషము కార్డునందో, దానిని గ్రుచ్చిన గాడియందో, బయాసు అమరికయందో వెదకవలెను. కార్డు కానవచ్చియు, దానికి డ్రైవరు కుదురలేదని తేలినచో, వెంటనే క్రొత్త కార్డునకై పరుగిడ పనిలేదు. డీమెస్గ్ అను ఆజ్ఞ సిస్టము వ్రాసికొన్న దినచర్యను చూపును. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ కార్డులలో కొన్నిటికి ఫర్మ్‌వేర్ అను వేరొక ఫైలు గూడ కావలెను. అది దొరకనిచో ఆ సంగతి అచ్చటనే వ్రాసియుండును. డెబియన్ వారు 2023లో వెలువరించిన 12వ సంచికనుండి ఇట్టి ఫైళ్లను తమ అధికారిక స్థాపక ప్రతులలోనే చేర్చుచున్నారు.

నిన్నటివరకు నడచి, నవీకరణమైన మరునాడు ఆగినచో కెర్నెలును శంకింపవలెను. విడిగా తెచ్చి చేర్చిన డ్రైవరు ఒక కెర్నెలునకై కట్టబడినది. కెర్నెలు మారినచో మరల కట్టవలసి వచ్చును. యంత్రము మేలుకొనునప్పుడు పాత కెర్నెలును ఎన్నుకొని చూడవచ్చును. దీనికి కాసు ఖర్చు లేదు. కార్డును వేరు గాడికి మార్చినప్పుడు దాని పేరు మారి, అమరిక ఫైలు పాత పేరునే పిలుచుచుండుటయు కలదు. అప్పుడు డ్రైవరు నిక్షేపముగనే యుండును.

డ్రైవరుపై నింద మోపుటకు తొందరపడరాదనుటకు 2008 నాటి యుదంతము చాలును. ఆ సంవత్సరము లినక్సు 2.6.27 పరీక్షా సంచికలు నడపినవారి ఇంటెల్ కార్డులు కొన్ని నిరుపయోగములైనవి. కార్డులోని శాశ్వతస్మృతియే చెడిపోయెను. కావున సిస్టమును తిరిగి ఎక్కించినను ఫలము లేకపోయెను. ఆ స్మృతికి ముందుగా నకలు తీసియుంచుకొన్నవారికి మాత్రము ఆశ మిగిలెను. అందరును ఈ1000ఈ అను డ్రైవరును అనుమానించిరి. పంపిణీదారులు కొందరు తమ పరీక్షా ప్రతులనుండి దానిని తప్పించిరి. వెదకగా దోషి వేరుగా తేలెను. కెర్నెలు నడకను పరిశీలించుటకై యేర్పడిన ఎఫ్‌ట్రేస్ అను భాగము, ఒకప్పుడు ప్రోగ్రామున్న చిరునామాలను గుర్తుంచుకొని, ఆ చోటు ఖాళీయై కార్డు స్మృతికి కేటాయింపబడిన పిమ్మట గూడ అచ్చటనే వ్రాయుచుండెను. ఇల్లు మారిన సంగతి యెరుగక పాత గోడపై సున్నము కొట్టినట్లు! 2.6.27.1 సంచికలో ఆ భాగమును ఆపివేసిరి. డ్రైవరునందును శాశ్వతస్మృతికి వ్రాతనుండి రక్షణ కల్పించిరి.

యంత్రము ఆరోగ్యముగా నున్ననాడే ఎత్‌టూల్ అను ఆజ్ఞచే డ్రైవరు పేరు, సంచిక, ఫర్మ్‌వేర్ సంఖ్యలు తెలిసికొని, కెర్నెలు సంఖ్యతో గూడ కాగితపు పుస్తకమున వ్రాయించి సర్వరు ప్రక్కనే యుంచవలెనని పాఠశాలవారిని కోరుడు. మరమ్మతునకు వచ్చువారు తెలుగు చదువలేకపోవచ్చును గనుక, ఆ పుట ఇంగ్లీషునను ఉండవలెను.