శుభలేఖ అచ్చు నుంచి షుగర్ స్ట్రిప్ దాకా

మన బడి సంచికకు ప్రతి ఏడూ పద్యాలూ, కథలూ, పొడుపుకథలూ బోలెడు వస్తాయి. సైన్సు పాఠం ఒక్కటైనా ఉండాలని ఈసారి నేను పట్టుబట్టాను. పట్టుబట్టినవాడే రాయాలన్నారు మిగతా వాలంటీర్లు! నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివి, అందరిలాగే చివరికి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. చదివింది మర్చిపోలేదని నిరూపించుకునే అవకాశం ఇన్నాళ్ళకు మా ఇంట్లోనే దొరికింది.

మా అమ్మ గుంటూరు నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చింది. జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం పిల్లలందరికీ పెట్టెడు మామిడిపళ్ళు కోసి పెట్టి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, భోజనానికి ముందు షుగర్ చూసుకుంది. ఎప్పుడూ 140, 150 చూపించే మెషీన్ 312 చూపించింది. అమ్మ మొహం వాడిపోయింది. "ఒక్క ముక్క కూడా తినలేదురా, ఇంకో మాత్ర వేసుకుంటాను" అంటూ లేచింది. నేను ఇండియాలో డాక్టరైన మా పెద్దమ్మ కొడుక్కి ఫోను చేశాను. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర, ఎత్తలేదు. అప్పుడు ఏడో తరగతి చదివే మా అమ్మాయి, "నాయనమ్మా, చేతులు కడుక్కున్నావా?" అని అడిగింది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, వేరే వేలి నుంచి చుక్క తీసి చూస్తే 146.

ఆ మాత్ర వేసుకుని ఉంటే ఆ రాత్రి షుగర్ పడిపోయి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అలాగని మెషీన్‌ను తప్పుపట్టడానికి లేదు. దానికి ఇచ్చిన చుక్కలో నిజంగానే అంత గ్లూకోజు ఉంది. లెక్క చూడండి. స్ట్రిప్ పీల్చుకునేది సుమారు అర మైక్రోలీటరు రక్తం. షుగర్ 150 ఉంటే, అంటే 100 మిల్లీలీటర్లలో 150 మిల్లీగ్రాములు ఉంటే, ఆ అర మైక్రోలీటరులో ఉండే గ్లూకోజు 0.75 మైక్రోగ్రాము. అది 312 అవడానికి ఇంకో 0.8 మైక్రోగ్రాము కలిస్తే చాలు. అంటే గ్రాములో పదిలక్షలో వంతు కూడా లేదు! వేలి మీద ఎండిపోయిన మామిడి రసం మరక కంటికి కనపడకపోయినా అంతకంటే ఎక్కువే ఇస్తుంది. 2011లో జపాన్ పరిశోధకులు నారింజ, ద్రాక్ష, కివి పళ్ళు ఒలిచిన వేళ్ళతో ఇదే పరీక్షించి చూశారు. స్పిరిట్ దూదితో తుడిచినా రీడింగు ఎక్కువే వచ్చింది, కుళాయి నీళ్ళతో కడిగాకే సరిగ్గా వచ్చింది. ఇంట్లో అమ్మమ్మలూ తాతయ్యలూ ఉన్న పిల్లలు ఈ ఒక్క పేరా వాళ్ళకు గట్టిగా చదివి వినిపించండి.

సరే, ఇప్పుడు పాఠంలోకి వద్దాం. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కకు గ్లూకోజు ఎంతుందో ఎలా తెలుస్తుంది?

సెన్సర్ అంటే మన జ్ఞానేంద్రియం లాంటిది. వేడి, ఒత్తిడి, తేమ, చక్కెర, ఏదైనా సరే, దాన్ని కరెంటులో మార్పుగా చూపించే వస్తువు. స్ట్రిప్ మీద పూసిన మందులో ఒక ఎంజైము ఉంటుంది. చాలావాటిలో అది గ్లూకోజ్ ఆక్సిడేజ్, బూజు జాతి నుంచి తీసే ప్రోటీను. అది ఎన్నో పదార్థాలున్న రక్తంలో గ్లూకోజును మాత్రమే పట్టుకుని, ఒక్కో అణువు నుంచి రెండేసి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. ఎంజైము ఒళ్ళు పెద్దది, ఆ ఎలక్ట్రాన్లు దాని లోపలెక్కడో ఉంటాయి, తీగదాకా రాలేవు. అందుకని మధ్యవర్తిగా ఇంకో రసాయనం కలుపుతారు. పెళ్ళిళ్ళ పేరయ్య ఇటు మాట అటు చేరవేసినట్టు, అది ఎలక్ట్రాన్లను మోసుకెళ్ళి స్ట్రిప్ మీది కార్బన్ గీతకు అందిస్తుంది. మెషీన్ కొద్ది వోల్టేజీ ఇచ్చి, వచ్చిన కరెంటును కొలుస్తుంది. గ్లూకోజు ఎక్కువైతే కరెంటు ఎక్కువ. అయిదు సెకన్లలో పని పూర్తి.

1962లో అమెరికాలో లేలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ అనే ఇద్దరు ఎంజైము పూసిన ఎలక్ట్రోడుతో గ్లూకోజును కొలవవచ్చని మొదట ప్రతిపాదించారు. కానీ అది ప్రయోగశాల సామాను. పాతికేళ్ళ తర్వాత 1987లో, ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధనల ఫలితంగా, ఎక్సాక్‌టెక్ అనే పెన్ను ఆకారపు మీటరు బజారులోకి వచ్చింది. దాని స్ట్రిప్పులను అచ్చు వేశారు. ఈ పరీక్ష ఇన్ని వంటగదుల్లోకి రావడానికి ఆ అచ్చే ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఒక్కో ముక్క చేత్తో చెయ్యాల్సి వస్తే, వాడి పారేసే ధరలో ఎవరివ్వగలరు?

ఆ అచ్చు ఏమిటో తెలుసా? మన ఊళ్ళలో శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగే! తెనాలిలో మా చిన్నాన్న స్నేహితుడికి అలాంటి షాపు ఉండేది. ఎండాకాలం సెలవుల్లో నా పని తడి కార్డులను దండేనికి ఆరేయడం. చెక్క చట్రానికి సన్నటి నైలాను గుడ్డ బిగించి, దానికి వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూస్తారు. పైన బొమ్మ ఉన్న ఫిల్ము పెట్టి లైటు వేస్తే, బొమ్మ నీడ పడిన చోట మందు గట్టిపడదు, నీళ్ళతో కడిగితే పోతుంది. ఇక రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే, తెరుచుకున్న కన్నాల్లోంచి మాత్రమే రంగు కిందికి దిగుతుంది. బంగారు రంగుకు ఒక చట్రం, ఎరుపుకు ఒకటి. రెండోది గోరంత జరిగితే వినాయకుడి కిరీటం చెవి మీదికి వచ్చేది, మా పని మళ్ళీ మొదలు. పెడనలో కలంకారీ అచ్చులు వేసేవారు రంగుకో అచ్చు పెట్టుకునేదీ ఇందుకే.

స్ట్రిప్ ఫ్యాక్టరీలోనూ వరస ఇదే. మంచినీళ్ళ సీసాలకు వాడే జాతి పాలియెస్టరు షీటు మీద మొదట కార్బన్ సిరాతో, కొన్నిటికి వెండి సిరాతో కూడా, గీతలు అచ్చు వేసి ఆరబెడతారు. దాని మీద కరెంటు పారని పొర. ఆ పైన ఎంజైము మందు. చివరికి రక్తాన్ని తనంతట తానే పీల్చుకునే సన్నటి సందు వచ్చేలా మూత అంటించి, ముక్కలుగా కోస్తారు. అన్ని కంపెనీలూ అచ్చే వేస్తాయనుకోకండి. కొందరు బంగారం లాంటి లోహాన్ని పలచటి పొరగా పరిచి లేజరుతో గీతలు చెక్కుతారు.

సిరాలో కరెంటెలా పారుతుంది? మరమరాల ఉండను గుర్తు తెచ్చుకోండి. మరమరాలు వెండి రేకులనుకుంటే, బెల్లం పాకం వాటిని పట్టి ఉంచే జిగురు. కరెంటు పారేది రేకు నుంచి రేకుకు, అవి ఒకదానికొకటి తగిలిన చోట. పాకం ఎక్కువైతే రేకులు దూరమై దారి తెగిపోతుంది, తక్కువైతే ఉండ విడిపోతుంది. అచ్చు వేశాక వేడి చేస్తే ద్రవం ఎగిరిపోయి రేకులు దగ్గర పడతాయి. ఇక్కడో చిక్కు. వెండి కరగాలంటే 962 డిగ్రీల సెల్సియస్ కావాలి, పాలియెస్టరేమో 150 దాటితే వంకర్లు పోతుంది. అందుకే రేకులను కరిగించరు, తాకేలా చేస్తారంతే. వెండిని మరీ సన్నగా, నానో కణాలుగా చేస్తే మాత్రం 150 దరిదాపుల్లోనే అంటుకుపోతాయి. ఇంకా వేడి తట్టుకోవాలంటే నారింజ రంగు పాలిమైడ్ షీటు వాడతారు, కానీ అది ఖరీదు.

ఉండను కొంచెం వంచితే మరమరాలు ఎడమవుతాయి కదా! అచ్చు వేసిన గీతను వంచినా అంతే, నిరోధం పెరుగుతుంది. తీగలా వాడుకోవాలనుకునేవాడికి అది తలనొప్పి. వంపును కొలవాలనుకునేవాడికి అదే సెన్సర్. ఒత్తిడి సెన్సర్ ఇంకా తేలిక: రెండు ప్లాస్టిక్ పొరలు, ఒకదాని మీద వెండి వేళ్ళు, ఇంకోదాని మీద కార్బన్ పూత. నొక్కినకొద్దీ తగిలే చోట్లు పెరిగి నిరోధం తగ్గుతుంది. కొన్ని కార్లలో ముందు సీటు మీద మనిషి కూర్చున్నాడో లేదో కనిపెట్టే చాప ఇలాంటిదే.

మన ఊరి ముచ్చట చెప్పకపోతే పాఠం పూర్తి కాదు. 2003 జూన్‌లో వాల్‌మార్ట్, తనకు సరుకు పంపే పెద్ద కంపెనీలు వంద 2005 జనవరికల్లా పెట్టెలకు రేడియో ట్యాగులు అంటించాలని చెప్పింది. 2005లో ఫేయెట్‌విల్‌లో మన ఆర్కన్సా విశ్వవిద్యాలయం వారు దీనికోసమే పరిశోధన కేంద్రం పెట్టారు (2014లో అది ఆబర్న్ విశ్వవిద్యాలయానికి తరలిపోయింది). ట్యాగులున్న స్టోర్లలో అలమరలో సరుకు నిండుకోవడం 16 శాతం తగ్గిందని వారి అధ్యయనం తేల్చింది. అయినా అప్పట్లో ట్యాగు ధర పడక ఆ ఊపు తగ్గింది, తర్వాత బట్టలతో మళ్ళీ మొదలైంది. మీ కొత్త జీన్సుకు వేలాడే కాగితపు అట్టను వెలుతురుకు పెట్టి చూడండి, లోపల వంకర టింకర లోహపు గీత కనిపిస్తుంది. అది యాంటెన్నా. 915 మెగాహెర్ట్జ్ తరంగంలో సగం పొడవు 16 సెంటీమీటర్లు, అంత చోటు లేక మడతలు పెట్టారు. మధ్యలో ఆవగింజకంటే చిన్న చిప్పు. బ్యాటరీ లేదు, రీడరు పంపే తరంగమే దాని తిండి. ఇండియాలో కాజ టోల్‌గేటు దగ్గర తాతయ్య కారు అద్దానికున్న ఫాస్టాగ్‌దీ ఇదే కుటుంబం.

ఇక్కడ మాత్రం ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ యాంటెన్నాలు చాలావరకు అచ్చు వేసినవి కావు, అల్యూమినియం రేకును మందులో కరిగించి చెక్కినవి. వెండి కంటే అల్యూమినియం చవక మరి! చిప్పు కూడా వంగని సిలికానే. "ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్" అని పేరు గొప్పగా ఉన్నా, తెలివంతా ఇంకా ఆ గట్టి ముక్కలోనే ఉంది. పైగా ట్యాగు చెప్పేది "నేను ఫలానా" అని మాత్రమే, "నాకు ఎండ తగిలింది" అని చెప్పదు. ఆ రెండోది కూడా చెప్పే బ్యాటరీ లేని తపాలా బిళ్ళంత సెన్సర్లను సరుకు రవాణాలో పెడుతున్నట్టు 2025 అక్టోబరులో వాల్‌మార్ట్, విలియాట్ కంపెనీ ప్రకటించాయి. 2026 చివరికి 4,600 స్టోర్లకు చేర్చాలన్నది అప్పటి ప్రణాళిక.

అమ్మ స్ట్రిప్పుల దగ్గరికి మళ్ళీ వస్తాను. ఎంజైము ప్రోటీను కాబట్టి తేమ, వేడి తగిలితే చెడిపోతుంది. అసలు డబ్బాలో తేమ పీల్చే మందు ఉంటుంది, అందుకని స్ట్రిప్పులను పోపుల డబ్బాలోకి మార్చకండి (మా ఇంట్లో మార్చారు!). మూత వెంటనే పెట్టండి, ఎండాకాలం కారులో వదలకండి. ఇండియా నుంచి తెచ్చిన స్ట్రిప్పులు ఇక్కడి మెషీన్‌కు సరిపోతాయో లేదో పేరు, మోడలు చూసి వాడండి. రీడింగు ఎప్పుడూ లేనంత వింతగా ఉంటే చేతులు కడిగి మళ్ళీ చూడండి, మళ్ళీ అలాగే వస్తే డాక్టరును అడగండి, సొంతంగా మాత్ర పెంచకండి.

ఇక పిల్లలకు పని. మందపాటి కాగితం మీద 6బి పెన్సిలుతో వేలి పొడవు, అర అంగుళం వెడల్పు పట్టీ నల్లగా, ఖాళీ లేకుండా, పదిసార్లు రుద్దండి. రెండు చివర్లా మల్టీమీటరు క్లిప్పులు పెట్టి నిరోధం రాసుకోండి. పట్టీ బయటివైపు ఉండేలా ఒక సీసా చుట్టూ వంచండి, మళ్ళీ రాసుకోండి. తర్వాత పట్టీ లోపలివైపుకు వచ్చేలా వంచండి. ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే, మీరు చేతులతో సెన్సర్ అచ్చు వేసినట్టే. అంకెలు నిలకడగా రాకపోతే ముందు క్లిప్పుల పట్టు చూసుకోండి. మల్టీమీటరు లేనివాళ్ళు కాగితం పట్టుకుని ఆదివారం తరగతికి పది నిమిషాలు ముందు రండి, నా దగ్గర ఒకటే ఉంది, వంతుల ప్రకారం చూద్దాం.