ముందు తుప్పు... తర్వాతే నిశ్శబ్దం

పాత అంబాసిడర్ కొన్నవాళ్లు ముందుగా రంగు మీద, సీటు కవర్ల మీద ఖర్చు పెడతారు. నడుపుతుంటే కింద దడదడ వినిపిస్తే సౌండ్ డెడెనింగ్ షీట్లు తెచ్చి అతికించేస్తారు. మోత తగ్గుతుంది, బండి బాగుపడిందనిపిస్తుంది. కానీ ఆ షీట్ల కింద ఫ్లోర్ తుప్పు పట్టి ఉంటే, చిక్కుకున్న తడి రేకును తింటూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఫ్లోర్ బాగుచేయడానికి ఒక వరస ఉంది. మనల్ని మనం బాగుచేసుకోవడానికీ అదే వరస పనికొస్తుంది.

1. పరిచింది తీసి చూడండి

అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నుంచి వచ్చిన బండి. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి ఫ్లోర్ పాడైతే బండి బలమే తగ్గుతుంది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో వీటి తయారీ 2014లోనే ఆగింది కనుక, ఈ బండ్లన్నీ ఇప్పుడు వయసు మీద పడినవే. విశాఖ, కాకినాడల్లో తిరిగిన బండికైతే ఉప్పుగాలి కూడా తోడవుతుంది.

సీట్లు, కార్పెట్, నీరు పీల్చుకున్న ఫెల్ట్, పగిలిన పాత తారు షీట్లు అన్నీ తీసేయండి. స్క్రూడ్రైవర్ పిడితో రేకును తట్టుతూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది.

మీ జీవితంలో అలా పలికే చోట్లు ఏవి? ఎత్తకుండా వదిలేస్తున్న ఫోన్, లెక్క చూడని అప్పు, ఇంట్లోవాళ్ల మీద ఊరికే వచ్చే కోపం. వాటిని ఒక కాగితం మీద రాయండి.

2. నీరు వచ్చే దారి వెతకండి

తుప్పు ఫ్లోర్‌లో కనిపిస్తుంది, నీరు మాత్రం తరచూ పైనుంచి వస్తుంది. ముందు అద్దం రబ్బరు, డోర్ రబ్బర్లు, వైర్లు దూరే చోటి రబ్బరు వాషర్లు ఎండి పగిలి ఉంటాయి. ఒకరు లోపల టార్చితో కూర్చుంటే, ఇంకొకరు బయటినుంచి పైపుతో నీళ్లు పట్టాలి. కారే చోటు దొరుకుతుంది.

కోపం ఇంట్లో బయటపడితే దాని మూలం ఆఫీసులో ఉండొచ్చు, నిద్రలేమిలో ఉండొచ్చు. దారి మూయకుండా చేసిన మరమ్మతు నిలవదు.

3. మంచి రేకు తగిలేదాకా కోయండి

చిల్లు మీద లప్పం పూస్తే అది కొన్నాళ్ల ముచ్చటే. గట్టి రేకు తగిలేవరకు కోసి, 18 లేదా 20 గేజ్ రేకు ముక్కను సరిగ్గా కొలిచి వెల్డ్ చేయించండి. ఒకేసారి పొడవుగా వెల్డింగ్ చేస్తే వేడికి రేకు వంకరపోతుంది. చుక్కలు చుక్కలుగా, చోటు మారుస్తూ, చల్లారనిస్తూ పోవాలి. తుప్పు తలుపుల కింద ఉండే బాడీ అంచులకూ పాకితే, కోయకముందే తలుపు సందుల్లో అడ్డంగా ఊసలు బిగించాలి. లేకపోతే బాడీ కుంగి తలుపులు సరిగ్గా పడవు. బ్యాటరీ కనెక్షన్ తీసేసి, పెట్రోలు పైపులు, ట్యాంకు మంటకు దూరంగా ఉంచడం తప్పనిసరి.

అలవాటు మార్చుకోవడమూ ఇలాంటి పనే. అన్నీ ఒక్కరోజులో మార్చాలనుకుంటే మనిషి వంగిపోతాడు. రోజుకు ఒక చిన్న మార్పు చేయండి. పెద్ద నిర్ణయం తీసుకునే ముందు నమ్మకమైన మనిషి ఒకరికి చెప్పి, ఆసరా ఏర్పాటు చేసుకోండి.

4. బాగైనదాన్ని కాపాడండి

కొత్త రేకును వదిలేస్తే తేమకు మళ్లీ తుప్పు పడుతుంది. అందుకే శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్, అతుకులకు సీమ్ సీలర్, ఆపైన పెయింట్ వేస్తారు. నీరు పోయే రంధ్రాలు మాత్రం మూయరు.

మీరు సరిదిద్దుకున్నదానికీ కాపలా కావాలి. వారానికోసారి లెక్కలు చూసుకోండి, మనసులో మాట చెప్పుకునే దారి తెరిచి ఉంచండి.

5. అప్పుడు పరచండి నిశ్శబ్దం

అల్యూమినియం రేకు అతికించిన బ్యుటైల్ షీట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. రేకు కంపనాన్ని ఇవి వేడిగా మార్చి తగ్గిస్తాయి. ఫ్లోరంతా కప్పనక్కర్లేదు. ఎక్కువగా కంపించే చదునైన భాగాల నడిమధ్యన రోలర్‌తో గట్టిగా నొక్కి అతికిస్తే చాలు. పైన నీరు పీల్చని ఫోమ్ వేయండి.

ధ్యానం, సంగీతం, ప్రయాణాలు మంచివే. కింద రేకు గట్టిగా ఉన్నప్పుడు అవి ఇచ్చే ప్రశాంతత నిలబడుతుంది.

ఈ ఆదివారం ఒక్క మూల కార్పెట్ ఎత్తి చూడండి, బండిలోనైనా, జీవితంలోనైనా. అరచేయంత తుప్పు ఇవాళ ఒక ముక్కతో పోతుంది. వదిలేస్తే ఫ్లోరంతా మార్చాల్సి వస్తుంది.