లెక్క అడగని పనివారు

క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు నమ్మకత్వం గురించి చెప్పవలసి వస్తే మనలో చాలామంది యోసేపు కథ ఎత్తుకుంటాము. పోతీఫరు ఇంట నమ్మకంగా ఉన్నాడు, చెరసాలలో నమ్మకంగా ఉన్నాడు, చివరకు ఐగుప్తు దేశమంతటి మీద అధికారి అయ్యాడు. కథ సత్యమే. కాని వినే పిల్లవాడి మనసులో నిలిచేది ఆ చివరి మెట్టు. చిన్న పనిలో నమ్మకంగా ఉంటే దేవుడు పెద్ద కుర్చీ ఇస్తాడని లెక్క కట్టుకుంటాడు. ఆ కుర్చీ రాకపోతే? ముప్పైనాలుగేళ్ళు బ్యాంకులో గుమాస్తాగానే పనిచేసి రిటైరైనవాడిని గనుక ఈ ప్రశ్న అడగవచ్చుననుకుంటాను.

అందుచేత విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి చదువుకోవడానికి ఈసారి వేరొక భాగం సూచిస్తున్నాను. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం, 4 నుండి 16 వరకు వచనాలు.

యూదా రాజైన యోవాషు, మందిరంలో శిథిలమైన చోట్లను బాగుచేయించమని యాజకులకు చెప్పాడు. డబ్బు వస్తూనే ఉంది. అయినా అతని ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చేసరికి మరమ్మతు జరగనే లేదు. వారు దొంగిలించారని గ్రంథం చెప్పదు. వచ్చిన సొమ్ము వేరుగా ఉంచే ఏర్పాటు లేదు, అంతే. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫున లేఖకుడు, మందిరం తరఫున ప్రధానయాజకుడు, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా బ్యాంకు క్యాష్ సేఫ్ గుర్తుకు వస్తుంది. దానికి రెండు తాళంచెవులు. ఒకటి క్యాషియరు దగ్గర, మరొకటి ఆఫీసరు దగ్గర. ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు దీనిని అపనమ్మకం అనుకునేవారు. నేను మాత్రం అది ఇద్దరికీ రక్ష అంటాను.

ఆ సొమ్ము అక్కడి నుండి పని చేయించేవారి చేతికి వెళ్ళింది. వారు వడ్రంగులకు, తాపీ పనివారికి, రాతి పనివారికి కూలి ఇచ్చారు, మ్రాను, రాయి కొన్నారు. 15వ వచనంలో ఒక మాట ఉంది: వారు నమ్మకస్థులు గనుక వారిని ఎవరూ లెక్క అడగలేదట. కామర్స్ చదివినవాడికి ఇది మింగుడుపడని మాట. వోచరు లేకుండా సొమ్ము ఇచ్చే ఆఫీసు నేను చూడలేదు. ఆ పనివారి నడవడి ఎంత తెరిచిన పుస్తకమై ఉంటే అటువంటి మాట వస్తుంది! రాజు పేరు ఉంది, యాజకుని పేరు ఉంది. వీరి పేర్లు లేవు.

తరువాత జరిగింది కూడా చదవండి. 18వ వచనంలో ఇదే యోవాషు, సిరియా రాజైన హజాయేలుకు భయపడి, మందిరంలో ఉన్న ప్రతిష్ఠిత వస్తువులను, బంగారాన్ని తీసి అతనికి పంపించాడు. పని చెప్పిన రాజే మందిరపు ఖజానా ఖాళీ చేశాడు! రాజు మెప్పు కోసం పనిచేసినవాడైతే అక్కడే మనసు విరిగిపోవాలి. దేవుని ముందు పనిచేసినవాడికి ఆ నష్టం వేరే సంగతి. అతని కూలి పద్దు ఆ రాజు పుస్తకంలో లేదు. నేను విశ్వాసం అనేది దీన్నే. సుమారు రెండు వందల సంవత్సరాల తరువాత యోషీయా కాలంలో మళ్ళీ మరమ్మతు జరిగితే, అప్పటి పనివారి గురించి కూడా అదే మాట వ్రాయబడింది (22:7). అక్కడ వారి పేర్లూ లేవు.

తల్లిదండ్రులారా, సంఘంలో మీ అబ్బాయికి చాపలు పరిచే పని, మీ అమ్మాయికి సండే స్కూలు హాజరు పట్టీ ఇచ్చారని చిన్నబుచ్చుకోకండి. "ఇంతేనా?" అని పిల్లల ముందు అసలే అనకండి. వాళ్ళు ఆ పనిని కాక మీ ముఖాన్ని చూస్తారు.

విద్యార్థులారా, మీలో కొందరికి యువజన కూటమి డబ్బు అప్పగిస్తారు. మమ్మల్నీ లెక్క అడగవద్దు అని 15వ వచనం చూపించవద్దు. ఆ మాట ఇతరులు అనవలసినది, మనం కోరుకోవలసినది కాదు. పౌలు అంతటివాడే యెరూషలేము పరిశుద్ధుల కొరకు పోగైన చందా విషయంలో ఒక్కడే బాధ్యత పెట్టుకోలేదు. తీతుతో పాటు మరి ఇద్దరు సహోదరులను పంపాడు, ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలని (2 కొరింథీ 8:16-22). ఆ ఇద్దరి పేర్లు కూడా లేవు, గమనించండి.

కాబట్టి కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టండి. మీ సొంత పర్సులో కలపకండి. ఖర్చు ఆ రోజే వ్రాయండి, రసీదు దాచండి. పది రూపాయలు తగ్గితే వ్రాసినట్టే, పది రూపాయలు ఎక్కువ వచ్చినా వ్రాయండి. తగ్గిన పది వెతికేవారు చాలామందే ఉంటారు. ఎక్కువ వచ్చిన పది ఎవరిదో వెతికేవాడు అరుదు. బ్యాంకులో అయితే దానికి వేరే ఖాతా ఉంటుంది, సొంతదారుడు దొరికేదాకా అందులోనే ఉంచుతారు. మీ నోటు పుస్తకంలో చివరి పేజీ అందుకు కేటాయించుకోవచ్చు.