నిర్ణయం తీసుకునే మనిషి: తకేషి ఒకాడా

క్రికెట్‌లో మైదానం లోపలి నిర్ణయాలు ఎక్కువగా కెప్టెన్ తీసుకుంటాడు. ఫుట్‌బాల్‌లో ఆ భారం చాలావరకు గీత బయట నిలబడే కోచ్‌ది. ఎవరు ఆడాలి, ఎవరు బయట కూర్చోవాలి, ముందుకు దూకాలా, గోల్ కాపాడుకోవాలా అన్నది ఆయనే తేల్చాలి. గెలిస్తే పేరు ఆటగాళ్లకు వస్తుంది. ఓడితే నింద కోచ్ మీద పడుతుంది. ఈ పని ఎంత కష్టమో తెలుసుకోవడానికి జపాన్‌కు చెందిన తకేషి ఒకాడా జీవితం చక్కని ఉదాహరణ.

ఆటగాడిగా

ఒకాడా 1956 ఆగస్టు 25న ఒసాకాలో పుట్టాడు. వసెదా విశ్వవిద్యాలయంలో చదివి, 1980లో ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీ జట్టులో చేరాడు. అప్పటికి జపాన్‌లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ లేదు. పెద్ద జట్లన్నీ ఎక్కువగా కంపెనీలవే. రక్షణ వరుసలో ఆడే ఒకాడా జపాన్ తరఫున 24 మ్యాచ్‌లు ఆడాడు. 1990లో ఆట మాని, కోచ్‌గా మారాడు.

అనుకోని బాధ్యత

1997 నాటికి జపాన్ ఒక్కసారి కూడా ప్రపంచకప్‌కు వెళ్లలేదు. ఆ ఏడాది అర్హత పోటీల్లో జట్టు తడబడింది. అక్టోబర్‌లో కజకిస్థాన్‌తో మ్యాచ్ 1–1తో ముగియగానే ప్రధాన కోచ్ షూ కామోను తొలగించి, సహాయకుడిగా ఉన్న ఒకాడాకు బాధ్యత అప్పగించారు. అప్పటికి ఆయన వయసు 41. అంతకుముందు ఏ జట్టుకూ ప్రధాన కోచ్‌గా పనిచేయలేదు.

నవంబర్ 1న జపాన్ సియోల్‌లో దక్షిణ కొరియాను 2–0తో ఓడించింది. నవంబర్ 16న మలేషియాలోని జొహోర్ బహ్రులో ఇరాన్‌తో తాడోపేడో తేల్చే మ్యాచ్ జరిగింది. 2–2తో సమానంగా ఉన్నప్పుడు, అదనపు సమయం ఇక ముగుస్తుందనగా మసయుకి ఒకానో గోల్ కొట్టాడు. జపాన్‌కు తొలిసారి ప్రపంచకప్‌లో చోటు దొరికింది.

కఠినమైన నిర్ణయం

1998 ప్రపంచకప్ ఫ్రాన్స్‌లో జరిగింది. టోర్నీకి కొద్ది రోజుల ముందు జట్టును 22 మందికి కుదించాల్సి వచ్చింది. కజుయోషి మియురా ఆనాడు జపాన్‌లో అందరికన్నా ప్రసిద్ధి పొందిన ఆటగాడు. ఆయన పేరును ఒకాడా జాబితా నుంచి తీసేశాడు. దేశమంతా నివ్వెరపోయింది. జపాన్ అర్జెంటీనా చేతిలో 0–1, క్రొయేషియా చేతిలో 0–1, జమైకా చేతిలో 1–2 తేడాతో ఓడింది. ఆ నిర్ణయం సరైనదా, కాదా అని జపాన్ అభిమానులు చాలా ఏళ్లు వాదించుకున్నారు. టోర్నీ తర్వాత ఒకాడా పదవి నుంచి తప్పుకున్నాడు.

మళ్లీ మెట్టు మెట్టుగా

ఆ తర్వాత ఆయన ఎంచుకున్నది రెండో శ్రేణి జట్టు కన్సడోలె సప్పొరోను. 2000లో ఆ జట్టు జె2 లీగ్ గెలిచి పై శ్రేణికి చేరింది. 2003, 2004 సంవత్సరాల్లో యొకొహామా ఎఫ్. మరినోస్‌ను వరుసగా జె1 విజేతగా నిలిపాడు. అయినా ఒక సంగతి ఆయన్ను వదల్లేదు. చెప్పినట్టు ఆడే జట్టు గెలవగలదు. కాని మైదానంలో పరిస్థితి మారినప్పుడు తనంతట తాను ఆలోచించే ఆటగాడు అలా తయారవుతాడా?

2007 చివర్లో జాతీయ జట్టు కోచ్ ఇవిచా ఒసిమ్ పక్షవాతంతో మంచం పట్టడంతో, ఒకాడాకు మళ్లీ పిలుపు వచ్చింది. 2010 ప్రపంచకప్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌ల్లో జపాన్ వరుసగా ఓడింది. విమర్శలు ముంచెత్తాయి. చివరి రోజుల్లో ఆయన పథకాన్నే మార్చాడు. రక్షణను గట్టిపరిచాడు, మిడ్‌ఫీల్డర్ కెయిసుకె హోండాను ముందు వరుసలో నిలిపాడు. దక్షిణాఫ్రికాలో జపాన్ కామెరూన్‌ను 1–0తో, డెన్మార్క్‌ను 3–1తో ఓడించి, స్వదేశం వెలుపల తొలిసారి గ్రూప్ దశ దాటింది. తర్వాత పరాగ్వేతో 0–0గా ముగిసిన మ్యాచ్‌లో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయింది.

ఇమబారిలో కొత్త పని

2012, 2013లో ఆయన చైనాలోని హాంగ్‌జౌ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. 2014లో మాత్రం ఎవరూ ఊహించని దారి పట్టాడు. షికొకు ద్వీపంలో తువాళ్లకు, ఓడల నిర్మాణానికి పేరున్న ఇమబారి పట్టణంలోని చిన్న క్లబ్బుకు యజమాని అయ్యాడు. ఎఫ్‌సి ఇమబారి అప్పుడు అయిదో శ్రేణిలో, ప్రాంతీయ లీగ్‌లో ఆడేది. 2017లో నాలుగో శ్రేణికి, 2020లో జె3కి, 2025లో జె2కి ఎదిగింది. 2023లో సొంత స్టేడియం కూడా తెరుచుకుంది.

పాత ప్రశ్నకు ఆయన జవాబు వెతికింది ఇక్కడే. పదహారేళ్ల వరకు ఆట మూలసూత్రాలు పిల్లలకు బాగా నేర్పాలి, ఆ తర్వాత స్వేచ్ఛగా ఆడనివ్వాలి అన్నది ఆయన పద్ధతి. సూత్రం తెలియని స్వేచ్ఛ గందరగోళం అవుతుంది. స్వేచ్ఛ లేని సూత్రం బట్టీ అవుతుంది. లెక్కల్లో సూత్రం నేర్చుకుని కొత్త లెక్క చేసే విద్యార్థికి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. 2024 ఏప్రిల్‌లో క్లబ్బు పేరుతోనే అక్కడ ఒక ఉన్నత పాఠశాల మొదలైంది. దాని అధిపతి ఒకాడాయే.

ఒకప్పుడు జట్టు కోసం నిర్ణయాలన్నీ తానే మోసిన మనిషి, ఇప్పుడు నిర్ణయం తీసుకోవడం పిల్లలకు నేర్పుతున్నాడు.

ఆలోచించండి

1. మియురాను తప్పించిన నిర్ణయాన్ని ఫలితం బట్టి కాక, ఆనాటి పరిస్థితి బట్టి ఎలా అంచనా వేస్తారు?
2. 2010లో చివరి రోజుల్లో పథకం మార్చడం ధైర్యమా, తొందరపాటా? కారణాలు రాయండి.
3. మీ తరగతిలో సూత్రం, స్వేచ్ఛ రెండూ అవసరమయ్యే ఒక పనిని ఉదాహరణగా చెప్పండి.