గాజుతొట్టెలో సముద్రం: ముందు ఏ పరికరం కొనాలి?

మా పాఠశాలలో ఒకసారి ఉప్పునీటి తొట్టె పెట్టాం. ఇసుక పరిచి, రాళ్లు అమర్చి, రెండు క్లౌన్ చేపల్ని వదిలాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పదోనాటి ఉదయానికి రెండు చేపలూ చచ్చి తేలాయి. చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి నేను కొన్న పి.హెచ్. మీటరు మాత్రం నిక్షేపంగా 8.2 చూపిస్తూనే ఉంది! తప్పు మీటరుది కాదు. ముందుగా దేన్ని కొలవాలో ఆలోచించకపోవటం నాది.

చేపలను చంపింది అమ్మోనియా. చేపలు దాన్ని మొప్పల ద్వారా విడుస్తాయి. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. తొట్టెలో ఉండే కొద్దిపాటి మోతాదుకు రంగూ ఉండదు, వాసనా తెలియదు. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఇవి తగినంతగా పెరగటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

"మంచినీటి తొట్టెలోనూ అమ్మోనియా ఉంటుంది కదా?" అని మీరు అడగవచ్చు. ఉంటుంది. అయితే నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది: విషమైన అమ్మోనియా అణువులు, అంతగా హాని చేయని అమ్మోనియం అయానులు. పి.హెచ్. 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పి.హెచ్. 8.2 ఉన్న సముద్రపు నీటిలో, మన ప్రాంతపు వేడికి, అది నూటికి ఐదు నుంచి పది వంతుల దాకా పెరుగుతుంది.

అందుచేత మొదటి రూపాయి అమ్మోనియా పరీక్షకే ఖర్చు పెట్టండి. పరీక్షనాళికలో తొట్టె నీళ్లు తీసుకుని చుక్కలు వేసి, వచ్చిన రంగును పగటి వెలుగులో రంగుల పట్టీతో పోల్చే పెట్టె చాలు. ఉప్పునీటికి పనికివస్తుందని రాసి ఉందో లేదో, గడువు తేదీ ఎప్పుడో చూసి కొనండి. పసుపు నుంచి ఆకుపచ్చకు మారే సాలిసిలేట్ పద్ధతి మేలు. నెస్లర్ ద్రావణం వద్దు. అందులో పాదరసం ఉంటుంది, పైగా ఉప్పునీటిలో మడ్డి కడుతుంది. నైట్రైట్ పరీక్షను కొంతకాలం వాయిదా వేయవచ్చు. సముద్రపు నీటిలోని క్లోరైడ్ అయానులు నైట్రైట్‌ను మొప్పల్లోకి అంతగా పోనివ్వవు.

ఇక ఉప్పు. పాలకేంద్రంలో లాక్టోమీటరు చూశారా? అదీ ఒక హైడ్రోమీటరే! దానిపై 26 అంటే సాంద్రత నీటికి 1.026 రెట్లని అర్థం. కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల లవణాలుంటే సుమారు అంతే వస్తుంది. చవకగా దొరుకుతుంది. కాని పాలకూ నీళ్లకూ గీతలు మాత్రమే ఉన్నది కాక, అంకెలున్నది కొనండి.

అది నిజం చెబుతోందా? 963 గ్రాముల స్వేదనజలంలో 37 గ్రాముల పొడి ఉప్పు కరిగించి అందులో ముంచండి. 26 దగ్గర నిలవాలి. 24 చూపిస్తే, ప్రతిసారీ రెండు కలుపుకోండి, పారేయనక్కర లేదు. కాడకు గాలిబుడగలు అంటుకుంటే అది పైకి తేలి ఎక్కువ చూపిస్తుంది. దానిపై రాసి ఉన్న ఉష్ణోగ్రతకు దగ్గరగానే కొలవండి. విశాఖ తీరం నుంచి నీళ్లు తెచ్చినా కొలవక తప్పదు: వానాకాలం తర్వాతి నెలల్లో నదుల వరదనీరు కలిసి అక్కడ ఉప్పదనం తగ్గుతుంది.

ఉష్ణమాపకం ప్రయోగశాలలో ఉండనే ఉంది. మామూలు పి.హెచ్. కాగితం 8.0కూ 8.3కూ తేడా చెప్పలేదు. దానికి బదులు చుక్కల పరీక్ష తీసుకోండి. తాగునీటికి వాడే టి.డి.ఎస్. పెన్ను తొట్టె నీటికి పనికిరాదు, ఆ ఉప్పు దాని హద్దు దాటిపోతుంది. ఆవిరైపోయినంత నీటిని భర్తీ చేయటానికి పోసే మంచినీటిని మాత్రం దానితో చూసుకోవచ్చు.

రెండోసారి మేం చేపలు లేకుండానే తొట్టెలో చిటికెడు మేత వేస్తూ, రోజు విడిచి రోజు పరీక్షించాం. రంగు ముదురు ఆకుపచ్చకు వెళ్లి, ఐదో వారంలో పసుపుకు తిరిగి వచ్చింది. మేత వేసిన మర్నాడు కూడా పసుపే నిలిచిన తర్వాత చేపలను తెచ్చాం.