చద్దన్నం చిన్నతనమా?



నేను 8వ తరగతిలో హాస్టల్‌లో చేరిన కొత్తలో, బడిలో తెలుగు మాస్టారు ఒక్కొక్కరినీ లేపి "ఇంటి దగ్గర పొద్దున్నే ఏం తింటారు?" అని అడిగారు. ముందు బెంచీవాళ్లు ఇడ్లీ, దోసె, పూరీ అని చెబుతూ వచ్చారు. నా వంతు వచ్చేసరికి నేనూ ఇడ్లీ అన్నాను. నిజానికి మా ఇంట్లో ఇడ్లీ పాత్రే లేదు. అమ్మ కూలికి వెళ్లే ముందు చద్దన్నంలో మజ్జిగ పోసి, నంజుకోవడానికి ఉల్లిపాయ ఇచ్చేది. ఆ రోజు ఇడ్లీ అన్నవాళ్లలో చాలామంది నాలాంటివాళ్లేనని రాత్రి పడుకునేటప్పుడు మాటల్లో బయటపడింది.

ఇప్పుడు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతుంటే తెలిసిందేమిటంటే, ఇడ్లీకీ చద్దన్నానికీ దగ్గర చుట్టరికం ఉంది. ఇడ్లీ పిండి పులిసేటప్పుడు ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుదల చేస్తుంది. పిండి పొంగేది అందుకే. పులుపుకు కారణం లాక్టిక్ ఆమ్లం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పని చేసేది కూడా ఈ లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలే. గింజల్లోని ఇనుమును ఫైటిక్ ఆమ్లం పట్టి ఉంచుతుంది. పులిసినప్పుడు ఆ పట్టు కొంత సడలి, ఇనుము ఒంటికి పట్టడం సులువవుతుంది. చద్దన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని కొందరు చెబుతుంటారు. నేను నమ్మను. నీళ్లలో నానినంత మాత్రాన లేని ఇనుము ఎక్కడినుంచి పుడుతుంది?

ఇడ్లీలో మాత్రం ఒక మంచి గుణం ఉంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ మినప్పప్పులో ఉంటుంది. కాబట్టి చద్దన్నంలోకి మజ్జిగో, వేయించిన శనగలో ఉంటే ఆ లోటు తీరుతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అన్నం చల్లారగానే నీళ్లలో మునిగేలా ఉంచాలి. గంటల తరబడి ఊరికే వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ పెరగవచ్చు. అది విడిచే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. అన్నం జిగటగా తీగ సాగినా, వాసన మారినా పారేయండి.

రాయలసీమ మిత్రులు రాగి సంగటి గురించి, తెలంగాణ మిత్రులు అంబలి, గటక గురించి చెప్పడానికి ఇలాగే మొహమాటపడేవారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా ఉండదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. మనం దాచుకున్నది బడిలోకే వచ్చిందన్నమాట!

అసలు బాధ ఏం తిన్నామన్నది కాదు, తినకపోవడం. రాత్రి ఏడున్నరకు భోంచేసి, పొద్దున టిఫిన్ మానేస్తే మధ్యాహ్నం పన్నెండున్నరకు 17 గంటలవుతుంది. మన ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు మెదడుకే కావాలి. తలస్నానం రోజు బాత్‌రూముల దగ్గర క్యూ కట్టి, ఉప్మా అయిపోయాక వచ్చి, ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చుండిపోయిన అనుభవం నాకుంది. ఆడపిల్లలు ఇది మరీ గమనించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఉప్మాతోపాటే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును పట్టనివ్వవు. టీ ఓ గంట ఆగి తాగండి. నిమ్మచెక్క దొరికితే ఉప్మా మీద పిండుకోండి, అది ఇనుము పట్టడానికి సాయం చేస్తుంది.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళితే అమ్మ కొత్తగా ఇడ్లీ పాత్ర కొని ఉంచింది. నేను చద్దన్నం అడిగాను. "ఇంత చదివించింది ఇందుకేనా?" అని కసిరింది. కాసేపటికి ఇడ్లీలూ పెట్టింది, చద్దన్నమూ పెట్టింది.