మధుమేహము గల పిల్లి: రేయింబవళ్ళ చక్కెర లెక్క

ధాన్యము నిలువచేయు ఇంట ఎలుకలకై పిల్లిని పెంచుట మన పల్లెలలో వాడుక. అట్టి పిల్లి ఏడెనిమిదేండ్లు దాటి, మాటిమాటికి నీరు త్రాగుచు, ఎక్కువగా మూత్రము విడుచుచు, బాగుగా తినుచున్నను చిక్కిపోవుచున్నచో మధుమేహమని అనుమానింపవలెను. బలిసిన పోతుపిల్లులలో ఇది హెచ్చు. నేను పైరుల సంగతి బోధించువాడనే గాని పశువైద్యుడను గాను. అయినను మా ఇంటి పిల్లికి ఈ వ్యాధి వచ్చుటచే దాని రక్తమును పరీక్షించి వ్రాసికొనుట అలవాటైనది.

ఒక్క వేళ చూచిన ఉష్ణమానముతో ఆ దినపు ఎండ, చలి తెలియవు. అందులకే వాతావరణ కేంద్రములలో గరిష్ఠము, కనిష్ఠము రెండును గుర్తింతురు. చక్కెరయు ఇట్టిదే. ఆరోగ్యము గల పిల్లికి 100 మిల్లీలీటర్ల రక్తములో సుమారు 80 నుండి 120 మిల్లీగ్రాములుండును. వ్యాధి గల పిల్లికి సాధారణముగా 12 గంటల కొకసారి ఇన్సులిన్ ఇత్తురు. సూది వేసిన పిదప చక్కెర తగ్గుచు వచ్చి, తరచుగా 4 నుండి 8 గంటల మధ్య అడుగు ముట్టి, మరల పైకెక్కును. ఉదయము 7 గంటలకు, రాత్రి 7 గంటలకు సూది వేయు ఇంట రెండవ అడుగు మనము నిద్రించు వేళ, 11 మొదలు 3 గంటల లోపల వచ్చునన్నమాట.

నేను పొరబడినది ఇచ్చటనే. ఉదయము సూదికి ముందు 340 చూచి, మందు చాలలేదనుకొని, వైద్యుని అడుగకయే ఒక యూనిట్ పెంచితిని. నాల్గవ రాత్రి పిల్లి గడప దాటలేక తూలినది. చెవి అంచున పొడిచి చూడగా 48. చిగుళ్ళకు తేనె రాచి, తెల్లవారులు దాని ప్రక్కనే కూర్చుంటిమి. ఉదయపు 340 సూది బలము తీరిన వేళ కొలత. రాత్రి అడుగు ఎంత లోతో అది చెప్పజాలదు.

కావున మోతాదు మార్చుటకు ముందు 12 గంటలపాటు రెండేసి గంటలకు కొలిచి, ఆ పుస్తకము వైద్యునికి చూపవలెను. వీలైనచో ఒక రాత్రియు మేల్కొని కొలువుడు. నిన్నటి వరుస నేడుండదు గనుక ఒక్క నాటి లెక్కతో తొందరపడరాదు. ఆసుపత్రిలో బెదరిన పిల్లికి, వ్యాధి లేకున్నను, చక్కెర మిక్కిలి పెరుగును. ఇంటి కొలతయే మేలు. మనుష్యుల కొరకైన యంత్రము పిల్లి రక్తమునకు తరచు కొంత తక్కువ చూపునని వైద్యులందురు.

మన ఇండ్లలో పిల్లికి పాలన్నమే తిండి. మాంసాహారియైన ఆ జంతువునకు అన్నము అవసరము లేదు. అన్నము తగ్గించి మాంసము, చేప పెట్టినచో చక్కెర దిగును. కొన్నిటికి ఇన్సులినే అక్కరలేకపోవును. కాని సూది మోతాదు అట్లే యుంచి తిండి హఠాత్తుగా మార్చిన ప్రాణాపాయము. వైద్యునికి చెప్పియే మార్చవలెను.

సిరంజి విషయమై ఒక్క మాట. మన అంగళ్ళలో 40 యూనిట్ల బుడ్డి, 100 యూనిట్ల బుడ్డి రెండును దొరకును. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో గీత చూచి ఎక్కించిన, రెండున్నర రెట్లు పోవును.

పిల్లి మూర్ఛిల్లినచో గొంతులో ఏమియు పోయరాదు. తేనె గాని చక్కెర నీరు గాని చిగుళ్ళకు రాచి, వెంటనే పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను.